ఫిల్టరు సరే, పైపు ఎక్కడ కలపాలి?

తెల్లవారుజామున నాలుగున్నరకు మా అమ్మ లేపింది. "అబ్బయా, హాల్లో నీళ్లేందిరా? కాలు జారింది." కరెంటు లేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే అక్వేరియం స్టాండు కింది నుంచి టీవీ బల్ల దాకా నీళ్లు పాకి ఉన్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. తొట్టిలో చేపలు మామూలుగానే ఉన్నాయి. అద్దం పగల్లేదు, పైపు ఊడలేదు, ఏ జాయింటూ కారడం లేదు. రెండు వారాల ముందు కొత్తగా పెట్టిన, నురగతో మురికి లాగే ప్రోటీన్ స్కిమ్మర్ కూడా నిక్షేపంగా ఉంది. అయినా బకెట్‌డు ఉప్పునీళ్లు నేల మీద ఉన్నాయి.

ఏదీ చెడిపోకుండా నీళ్లు ఎలా పొర్లాయో తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ లెక్క ముందుకు వెళ్లాక చెబుతాను.

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు కొంతకాలానికి ఇంకో ఫిల్టర్ జోడించాలనుకుంటారు. అప్పుడు అందరూ మొదట అడిగేది, ఏది కొనాలి అని. స్కిమ్మరా, సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపమా, శుద్ధి చేసే గింజలు నింపిన రియాక్టరా? నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఇప్పుడు నీళ్లు తిరుగుతున్న దారిలో ఆ కొత్తదాన్ని ఎక్కడ నిలబెట్టాలి, నిలబెట్టాక మిగతా దారికి ఏమవుతుంది అన్నది ముందు తేలాలి. పెట్టెలో వచ్చే కాగితం ఆ పెట్టె గురించే చెబుతుంది. మన ఇంటి పైపుల సంగతి దానికేం తెలుసు?

నెల్లూరు జిల్లాలో ఉప్పునీటి గురించి ఎవరికీ పాఠాలు చెప్పక్కర్లేదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు ఏ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డా పీపీటీ (ఉప్పదనం కొలత), పీహెచ్, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), అమ్మోనియా అన్న మాటలే వినబడతాయి. ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా టెస్ట్ కిట్టు చెరువు మందుల షాపుల్లోనే దొరుకుతాయి. ఇది మనకున్న సౌకర్యం. కాకపోతే చెరువు జ్ఞానం యథాతథంగా హాల్లోకి తెస్తే కుదరదు. ఎకరం చెరువులో మీటరున్నర లోతు నీళ్లుంటే అది దాదాపు 60 లక్షల లీటర్లు. మా తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, నిండుగా 270 లీటర్లు. చెరువు మన తప్పును కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. తొట్టికి అంత ఓపిక ఉండదు.

మైపాడు పాతిక కిలోమీటర్లలోపే కదా, క్యాన్లలో సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వానాకాలం చివర్లో, అంటే మనకు అసలు వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో, పెన్నా నీళ్లూ కాలువల నీళ్లూ వచ్చి కలిసే ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది. హేచరీలవాళ్లు కూడా సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్లో వడగట్టి, క్లోరిన్ పెట్టి, ఆ క్లోరిన్ విరిచాకే వాడతారు. అందుకే నేను ఆర్‌ఓ నీళ్లలో మెరైన్ సాల్ట్ కలుపుకుంటాను, 35 పీపీటీకి. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటుంటుంది. రుచి కోసం కొంత బోరు నీటిని తిరిగి కలుపుతుంది. అక్వేరియం నీళ్లు దానికి ముందే పట్టుకోవాలి.

ముందు నీళ్ల దారి

ఇళ్లలో భూమిలో కట్టే సంపు, మేడ మీద ట్యాంకు, మధ్యలో మోటారు అందరికీ తెలిసినవే. ఉప్పునీటి అక్వేరియం కూడా అదే ఏర్పాటు, కాకపోతే తిరగేసి. హాల్లో కనిపించే తొట్టి పైన, స్టాండు లోపల దాచిన చిన్న గాజు సంపు కింద. తొట్టి అంచున ఓ మూల దువ్వెన పళ్లలాంటి గోడ ఉంటుంది. నీటి మట్టం దాన్ని దాటితే పొంగి డ్రెయిన్ పైపులోంచి సంపులోకి దిగుతుంది. సంపులో రెండు మూడు గదులు. చివరి గదిలో ఉన్న మోటారు నీటిని మళ్లీ పైకి తోస్తుంది. అదే రిటర్న్ లైను.

ఫిల్టర్లన్నీ ఈ చక్రంలో ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. డ్రెయిన్ పైపులోనా, సంపులోనా, రిటర్న్ లైనులోనా? ఇక్కడే తికమక మొదలవుతుంది.

పొలం తెలిసినవాళ్లకు ఇది చెప్పడం సులువు. నీరు పెట్టడంలో ఒక పద్ధతి మడి నుంచి మడికి పారించడం. పై మడి నిండి మడవ తెంచితే కింది మడికి నీళ్లు. పైన ఎవరైనా అడ్డం కడితే కిందంతా ఎండే. ఇంకో పద్ధతి, పంట కాలువ మీద ఎవరి తూము వాళ్లకు. ఒకరు మూసుకున్నా మిగతావాళ్లకు పారుతుంది. కాకపోతే పైవాళ్లు తూము బార్లా తీస్తే చివరి భూములకు చుక్క అందదు. ఇవి రెండూ కాకపోతే సొంత బోరు వేసుకోవడం. కాలువతో పేచీ లేదు, మోటారు ఖర్చు మాత్రం మనది.

అక్వేరియం ప్లంబింగ్‌లో ఉన్నవీ ఈ మూడే. రిటర్న్ లైను కోసి దాని మధ్యలో ఫిల్టర్ బిగిస్తే అది మడి నుంచి మడికి. రిటర్న్ లైనుకు టీ జాయింటు వేసి, బాల్ వాల్వుతో ఒక కొమ్మ తీసి ఫిల్టర్‌కు ఇస్తే అది తూము. సంపులో చిన్న మోటారు వేసి, ఫిల్టర్ గుండా పంపి, మళ్లీ సంపులోకే వదిలితే అది సొంత బోరు.

మొదట్లో నేను యూవీ ట్యూబును తిన్నగా రిటర్న్ లైనులో బిగించాను. చూడటానికి చక్కగా ఉంది, ఒకే పైపు, ఒకే మోటారు. వారం తర్వాత అనుమానం వచ్చి 15 లీటర్ల బకెట్ పెట్టి రిటర్న్ నీళ్లు పట్టాను. యూవీ పెట్టకముందు 30 సెకన్లలో నిండిన బకెట్ ఇప్పుడు 43 సెకన్లు తీసుకుంది. అంటే గంటకు 1800 లీటర్ల నుంచి సుమారు 1250కి పడిపోయింది. మోటారు మారలేదు, కరెంటు బిల్లూ తగ్గలేదు. యూవీ చుట్టూ వేసిన ఎల్బోలు, దాని లోపలి ఇరుకు దారి కలిసి మూడో వంతు నీటిని మింగేశాయి.

మోటారు డబ్బా మీద రాసే లెక్క ఎత్తు సున్నా ఉన్నప్పటిది. నాలుగైదు అడుగులు పైకి తోయాలన్నా, ప్రతి ఎల్బో దగ్గరా మలుపు తిరగాలన్నా అందులో కోత పడుతుంది. అందుకే ఏ పరికరం జోడించినా ముందొకసారి, తర్వాతొకసారి బకెట్ లెక్క తీయమంటాను. పైసా ఖర్చు లేదు.

పైగా యూవీకి అంత నీరు అక్కర్లేదు. దాని పని నీళ్లలో తేలే సూక్ష్మజీవులకు కాంతి తగిలించడం. నాచుతో నీరు పచ్చబడితే కాస్త వేగంగా పంపినా సరిపోతుంది. చేపల మీద తెల్లమచ్చలు తెచ్చే పరాన్నజీవిని దెబ్బకొట్టాలంటే ఇంకా నెమ్మదిగా పంపాలి, కాంతి ఎక్కువసేపు పడాలి. మోటారుకేమో నీటిని పరుగెత్తించడమే పని. ఈ రెండింటినీ ఒకే పైపులో కట్టేస్తే ఇద్దరికీ న్యాయం జరగదు. ఇప్పుడు దాన్ని సంపులో చిన్న మోటారు మీద, అంటే సొంత బోరు మీద, నడుపుతున్నాను. బకెట్ మళ్లీ 30 సెకన్లకు వచ్చింది. ఒక మాట గుర్తుంచుకోవాలి. చెరువులో ప్రోబయాటిక్ చల్లినట్టు తొట్టిలో బాక్టీరియా వేసేవాళ్లు ఆ ఒకటి రెండు రోజులు యూవీ ఆపాలి. లేకపోతే ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో చంపుకున్నట్టే.

నీళ్లలోంచి ఫాస్ఫేట్‌ను లాగేసే రియాక్టర్లకు, కార్బన్ రియాక్టర్లకు తూము పద్ధతి బాగా నప్పుతుంది. వాటికి సన్నటి ధార చాలు. లోపలి గింజలు కుతకుత ఉడికినట్టు మెల్లగా కదలాలి, ఎగిరి పడకూడదు. చిక్కల్లా ఒకటే. ఒకే లైను మీద మూడు కొమ్మలు తీస్తే ఒకటి తిప్పినప్పుడల్లా మిగతా రెండూ మారతాయి, కింద వంటింట్లో కుళాయి తిప్పితే మేడ మీద షవర్ సన్నగిల్లినట్టు. ఒకటి సర్దాక మిగతావి కూడా చూసుకోవాలి. ఇలా కొమ్మలు తీయాలనుకుంటే మొదటే కాస్త పెద్ద మోటారు కొనడం మేలు.

స్కిమ్మర్ తెచ్చిన తంటా

మైపాడు ఒడ్డున అల విరిగినచోట తెల్లటి నురగ కట్టి ఇసుక మీద కాసేపు నిలబడుతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ చేసేది అదే, ఒక గొట్టంలో. సన్నటి బుడగలు పుట్టిస్తే చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేతలోని సేంద్రియ పదార్థం బుడగల చుట్టూ అంటుకుంటుంది. నురగ పైకెక్కి కప్పులో పడుతుంది. మర్నాటికి ఆ కప్పులో డికాక్షన్ రంగు నీళ్లు, మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిందే. మంచినీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి. ఉప్పునీళ్లలో విడివిడిగా, సన్నగా నిలుస్తాయి. అందుకే మంచినీటి తొట్లలో ఇది పెద్దగా పనిచేయదు.

దీని గొప్పేమిటంటే, చెత్త కుళ్లి అమ్మోనియా కాకముందే నీటిలోంచి బయటికి లాగేస్తుంది. మామూలు ఫిల్టర్లు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాకు ఇల్లు కట్టిస్తాయి. ఆ నైట్రేట్ మాత్రం తొట్టిలోనే పేరుకుంటుంది. నీరు మార్చి బయటికి పంపాల్సిందే. అందుకని డబ్బులు ఒక్కదానికే ఉంటే నా ఓటు స్కిమ్మర్‌కే. బుడగల వల్ల నీటికి గాలి కూడా అందుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు ఏడు కూడా పట్టుకోదు. డీఓ పడిపోతే ఏమవుతుందో రొయ్యల రైతుకు వేరే చెప్పాలా?

స్కిమ్మర్ పట్టుదలంతా ఒక్కదాని దగ్గరే, నీటి మట్టం. ఏ మోడల్‌కు ఎంత లోతు కావాలో దాని కాగితంలో ఉంటుంది. ఆ లోతు పెరిగితే కప్పు పొంగుతుంది, తగ్గితే నురగ పైకెక్కదు. అందుకే సంపు మొదటి గదిలో, మట్టం మారని చోట పెట్టాలి. ఆవిరైన నీటి మార్పంతా మోటారు గదిలోనే కనబడుతుంది, స్కిమ్మర్ గదిలో కాదు.

నా సంపులో ఆ గది మట్టం 15 సెంటీమీటర్లు. కొన్న స్కిమ్మర్ అడిగింది 23. మధ్య గోడ మీద అద్దం ముక్క సిలికాన్‌తో అతికించి మట్టం పెంచాను. స్కిమ్మర్ బ్రహ్మాండంగా పనిచేసింది. రెండు వారాలు.

ఇక ఆ రాత్రి లెక్క. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. డ్రెయిన్ పైపు పళ్ల గోడ మట్టం దాకా నీటిని దించి ఆగిపోతుంది. రిటర్న్ పైపు మాత్రం ఆగదు. దాని మూతి తొట్టి నీళ్లలో మునిగి ఉంటుంది, రెండో కొస సంపులో. ట్యాంకులోంచి ట్యూబుతో పెట్రోలు లాగినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఒకసారి నీళ్లు వెనక్కి మొదలైతే మూతి బయటపడి గాలి పీల్చేదాకా దిగుతూనే ఉంటాయి. నా రిటర్న్ మూతి నీటి మట్టానికి ఏడున్నర సెంటీమీటర్లు కింద ఉంది. 120 ఇంటూ 45 ఇంటూ 7.5 సెంటీమీటర్లు, అంటే 40 లీటర్లు.

సంపు పొడవు 75, వెడల్పు 35, ఎత్తు 35 సెంటీమీటర్లు. పాత మట్టం 15 ఉన్నప్పుడు పైన 20 సెంటీమీటర్లు ఖాళీ. అందులో 52 లీటర్లు పడతాయి. ఎన్నిసార్లు కరెంటు పోయినా చుక్క పొర్లలేదు. మట్టం 23కి పెంచాక మిగిలింది 12 సెంటీమీటర్లు, 31 లీటర్లు. పైనుంచి దిగేది 40. దానికి తోడు స్కిమ్మర్ ఆగగానే దాని గొట్టంలో నిలిచిన మూడు నాలుగు లీటర్లూ సంపులోకే వచ్చాయి. మిగిలిన పన్నెండో పదమూడో లీటర్లు హాల్లోకి వచ్చాయి. అమ్మ కాలు పెట్టింది అందులోనే.

నిజానికి రిటర్న్ మూతికి కాస్త పైన, నీటి మట్టం దగ్గర ఒక చిన్న బెజ్జం ఉంది. అది గాలి పీల్చి సైఫన్ తెంచాలి. చూస్తే నాచు కట్టి మూసుకుపోయి ఉంది. మట్టం పెంచకపోతే ఆ సంగతి నాకు ఏళ్ల తరబడి తెలిసేది కాదు. పాత ఖాళీ ఆ తప్పును కప్పిపెట్టింది, కొత్త స్కిమ్మర్ బయటపెట్టింది.

ఇప్పుడు రిటర్న్ మూతిని మట్టానికి రెండు సెంటీమీటర్ల కిందికి తెచ్చాను. బెజ్జం పూర్తిగా మూసుకుపోయినా దిగేది 11 లీటర్లే. బోరు మోటార్లు చూసే మేస్త్రీ ఒకాయన "ఎన్‌ఆర్‌వీ పెట్టేస్తే పోలా అన్నా" అన్నాడు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు అది. బోరులో పైన ఎన్నో అడుగుల నీటి బరువు పడి ఆ వాల్వును గట్టిగా మూస్తుంది. ఇక్కడ పైన ఉండేది నాలుగడుగుల నీళ్లే. ఉప్పు పేరుకుందన్నా, చిన్న నత్త ఇరుక్కుందన్నా అది సరిగ్గా మూసుకోదు. పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని నమ్మి సంపును మాత్రం నింపకండి.

డ్రెయిన్ పైపు గురించి చెప్పేది ఒకటే. ఉన్నది ఒక్క డ్రెయిన్ పైపే అయితే దాని మీద వాల్వుగానీ ఫిల్టర్‌గానీ పెట్టకూడదు. అక్కడ అడ్డం పడితే మోటారు ఆగకుండా తోస్తూనే ఉంటుంది, పై తొట్టే పొర్లుతుంది. అడ్డు పెట్టాలంటే పక్కన అత్యవసరానికి ఖాళీ పైపు ఇంకోటి ఉండి తీరాలి.

షాపులో అడగాల్సిన మాటలు

పైపులు కొనేటప్పుడు నేను పడ్డ తిప్పలు ఇంకొకరు పడకూడదు. మన ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో రెండు రకాల పైపులు పక్కపక్కనే ఉంటాయి. పొలాలకు, బోర్లకు వాడే పీవీసీ పైపు కొలత మిల్లీమీటర్లలో: 20, 25, 32, 40. ఆ అంకె పైపు బయటి వ్యాసం. ఇళ్లకు వాడే యూపీవీసీ పైపు కొలత అంగుళాల్లో. ముప్పావు అంగుళం పైపు బయటి వ్యాసం 26.7 మిల్లీమీటర్లు, అంగుళం పైపుది 33.4. షాపులో "ముప్పావు అన్నా 25 అన్నా ఒకటే సార్" అంటారు. ఒకటి కాదు. ఒకదాని పైపు ఇంకోదాని ఎల్బోలో దిగనైనా దిగదు, దిగితే వదులుగా ఊగుతుంది. గమ్ము దట్టంగా పూసి సరిపెట్టిన జాయింటు నాలుగు నెలలకు చెమర్చడం మొదలవుతుంది. ఫిల్టర్‌తో వచ్చిన కనెక్టర్‌ను జేబులో వేసుకుని షాపుకు వెళ్లి, అక్కడే తొడిగి చూసి కొనండి. గాజు రంధ్రానికి బిగించేదాన్ని మనవాళ్లు ట్యాంక్ నిపుల్ అంటారు. అదీ అంతే, ముందు అది కొని, దానికి తగ్గట్టు రంధ్రం కొట్టించాలి.

ఇక మరలున్న చోట ప్లంబర్ చేతికి అలవాటుగా వచ్చేది ఇత్తడి. "ఇత్తడిదైతే పదేళ్లయినా కదలదన్నా" అని మా దగ్గరికి వచ్చినతను బిగించబోయాడు. ఇంట్లో కుళాయికైతే ఆ మాట నిజం. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. ఉప్పునీరు దాన్ని మెల్లగా తింటుంది, కరిగిన రాగి తొట్టిలో చేరుతుంది. చేప కొంత తట్టుకున్నా రొయ్య, నత్త తట్టుకోలేవు. నా దగ్గర ఎర్ర చారల క్లీనర్ రొయ్య ఒకటుంది. "రొయ్యకు కాపర్ పడదు తమ్ముడూ" అనేసరికి అతను మారు మాట్లాడకుండా ప్లాస్టిక్ ఎంటీఏ, అంటే మరలున్న కనెక్టర్, తీశాడు. వాళ్ల బావది అల్లూరు దగ్గర చెరువట. జీఐ (జింకు పూత వేసిన ఇనుము), మామూలు స్టీలు క్లాంపులు కూడా వద్దు, తుప్పు పడతాయి.

ప్రతి పరికరానికి రెండు వైపులా యూనియన్, అంటే విప్పి మళ్లీ బిగించగల జాయింటు, పెట్టించుకోండి. ఇప్పుడు దండగ అనిపిస్తుంది. తెల్లటి స్కేలు పొర కట్టిన యూవీ గాజు గొట్టాన్ని తీసి వెనిగర్‌లో కడగాల్సిన రోజున, హాక్సా బ్లేడు వెతుక్కునే పని తప్పుతుంది. గమ్ము వేశాక ఒక రోజు ఆరనివ్వాలి. ఆ తర్వాత కొత్త పైపుల వరకు మామూలు నీళ్లతో నడిపి, కింద పాత పేపరు పరచి చూడాలి. తడి చుక్క పేపరు మీద కనబడినంత బాగా నేల మీద కనబడదు.

కరెంటు పని ప్లంబింగ్‌లో భాగం కాదనుకుంటాం. ఉప్పు అలా అనుకోదు. తడి ఆరినచోటల్లా తెల్లగా పాకుతూ సాకెట్ దాకా వెళుతుంది. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉండాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్‌లోకి కాకుండా కింద రాలుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్) లేకుండా మాత్రం ఏ మోటారూ పెట్టవద్దు.

సంపు లేనివాళ్లు బయట క్యానిస్టర్ ఫిల్టర్ పెడతారు. తప్పు లేదు. అయితే తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి పోతే మూతపడిన ఆ డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు తొట్టిలోకి వెళతాయి. కాబట్టి తెరిచి, కడిగి, అప్పుడే ఆన్ చేయాలి. ఇన్వర్టర్ మీద పెట్టాల్సింది కూడా ఫిల్టర్‌ను కాదు, ముందు నీటిని కదిపే చిన్న మోటారునో గాలి మోటారునో.

మిగిలింది వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తొట్టి నీరు 26 డిగ్రీల దగ్గర ఉండాలంటే మన ఊళ్లో ఫ్యాను చాలదు. ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, కాబట్టి రోజూ ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోసి ఉప్పదనం సరిచేస్తూ ఉండాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొంటే దానికి గంటకు ఇంత నుంచి ఇంత నీరు కావాలని హద్దు రాసి ఉంటుంది. ఆ హద్దు మన రిటర్న్‌తో కలవదు, కాబట్టి దానికీ సొంత బోరే. స్టాండు తలుపుల లోపల మాత్రం పెట్టకండి. అది నీళ్లలోంచి లాగిన వేడిని అక్కడే ఊది మళ్లీ సంపును కాస్తుంది. నేను చిల్లర్ ఇంకా కొనలేదు. పెట్టాలంటే గోడకు రెండు రంధ్రాలు కొట్టి బాల్కనీలోకి పైపులు తీయాలి. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

కొత్తది ఏది బిగించినా చివర్లో మెయిన్ స్విచ్ కట్టేసి, స్టూలు వేసుకుని సంపు ముందు కూర్చుంటాను. నీరు ఎక్కడి దాకా ఎక్కి ఆగుతుందో అక్కడ అద్దం మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటిస్తాను. ప్రస్తుతం టేపుకీ సంపు అంచుకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ అమ్మ ముందు టార్చి తీసుకుని దాన్నే చూస్తోంది.